సున్నా లేని గ్రాఫు

“అబ్బో! జారుడుబండలా ఉందే!” అని క్లాసంతా గోల గోల.

పిడుగు ఎగిరి గంతేసింది. ఆ పిల్ల అసలు పేరు వేరే ఉంది గానీ, చేసే అల్లరికి అందరూ అలాగే పిలుస్తారు.

ఊరి గురించి ఒక్కొక్కరినీ ఒక్కో లెక్కకు గ్రాఫు గీయమన్నారు సోషల్ టీచర్. పిడుగుకి వచ్చింది, ఊరి బయట చమురు బావుల్లో ఏ ఏడు రోజుకెంత చమురు వచ్చిందన్నది. మిగతా అందరి గీతలూ అడ్డంగా పడుకుని నిద్రపోతుంటే, పిడుగు గీసిన ఎర్ర గీత మాత్రం చార్టు పైనుంచి కింది దాకా జర్రున జారింది. చార్టులన్నీ గోడకు అంటించి, ఏది బాగుందని అడిగితే మరి ఓట్లు దేనికి పడతాయి? దానికే పడ్డాయి.

“అయితే రేపు గేటు దగ్గర బోర్డు మీద పెట్టేది ఇదే. పేరెంట్స్ అంతా చూస్తారు,” అన్నారు టీచర్.

లంచ్ బెల్ మోగింది. అందరూ బయటికి పరిగెత్తారు, వెనక బెంచీ అబ్బాయి తప్ప. వాడి ముద్దుపేరు సైలెన్సు. టిఫిన్ డబ్బా మూతైనా తియ్యకుండా కళ్లు తుడుచుకుంటున్నాడు.

“ఏమైందిరా? కడుపు నొప్పా?” అంది పిడుగు.

“మేం ఊరు వదిలి వెళ్లిపోవాలేమో.”

“అదేంటి?”

“చమురు అయిపోయిందిగా. మా అమ్మ ఆ బావుల దగ్గరే పంపులు చూసుకుంటుంది. ఇంక పనెక్కడుంటుంది? నాకు చెప్పకుండా దాస్తోంది.”

“అయిపోయిందని ఎవరన్నారు?”

“నీ గ్రాఫు!”

“అయ్యో, కాదురా! ఆరేళ్ల కిందట రోజుకు వెయ్యి బ్యారెళ్లు వచ్చేవి. ఇప్పుడు తొమ్మిది వందల ఇరవై వస్తున్నాయి.”

“అన్ని వస్తుంటే గీత అడుక్కెందుకు పోయింది?”

“అడుగున ఉన్నది సున్నా కాదు, తొమ్మిది వందలు. సున్నా నుంచి మొదలుపెడితే గీత బోసిగా ఉంటుందని...”

అంటూ పిడుగు చార్టు వైపు చూసింది. ఆ తొమ్మిది వందలన్నది ఎక్కడో మూల, చీమ తలకాయంత అంకెల్లో ఉంది. అదెవరికి కనిపిస్తుంది? తన చార్టు బాగుండాలని చూసుకుంది గానీ, చూసేవాళ్లు ఏమనుకుంటారో ఆలోచించనే లేదు. పాపం, వీడు అన్నం కూడా మానేశాడు. పిడుగుకి భలే సిగ్గేసింది.

“లే. స్కేలు పట్టు,” అంది.

ఇద్దరూ కొత్త చార్టు మీద అడుగున సున్నా వేసి మళ్లీ గీశారు. ఈసారి గీత పైపైనే నడిచింది. చివరికి వచ్చేసరికి కాస్త వంగింది, అంతే.

వాడు గీత మీద వేలు పెట్టి చూశాడు. “కొంచెం తగ్గుతోందిగా?”

“తగ్గుతోంది. లేదని ఎందుకు చెప్పాలి? కానీ ఇంకా ఎంత ఎత్తున ఉందో చూడు!”

వాడు డబ్బా మూత తీశాడు.

మధ్యాహ్నం క్లాసులో పిడుగు లేచి నిలబడింది. “నా గ్రాఫు చూసి, చమురు అయిపోవచ్చిందనుకున్నవాళ్లు చేతులెత్తండి.”

చేతులన్నీ లేచాయి. టీచర్ చెయ్యి కూడా సగం లేచింది.

పిడుగు కొత్త చార్టు చూపించి, తప్పెక్కడ జరిగిందో చెప్పింది.

“ఛ! ఇది చప్పగా ఉంది!” అన్నారు ఎవరో.

“చప్పగానే ఉంటుంది. చమురు అలాగే వస్తోంది మరి!”

టీచర్ నవ్వేశారు. “అయితే మళ్లీ ఓట్లు పెడదామా?”

“పెట్టండి టీచర్. ఎవరిది గెలిచినా ఫర్వాలేదు, అడుగున సున్నా ఉంటే చాలు,” అంటూ పిడుగు తన ఎర్ర గీత చార్టును తనే గోడ మీంచి ఊడదీసింది.