లోరెట్ థియేటర్ క్యూలో ఒకటో నంబరు

హామిల్టన్‌లో లోరెట్ థియేటర్ వెనక సందులో, మూసేసిన టికెట్ కిటికీ కింద ఎవరూ కూర్చోరు. నిజానికి కచేరీ క్యూ అక్కడి నుంచే మొదలవ్వాలి. అయినా జనం ఆ నాలుగడుగులు వదిలేసి, అవతలే కుర్చీలు వేసుకుంటారు.

అక్కడ కూర్చున్నవాడెవడూ లోపలికెళ్ళి కచేరీ చూసిన పాపాన పోలేదు మరి. ఒకడికి తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఒకడి టికెట్ గాలికి ఎగిరి సరస్సు దారి పట్టింది. ఇంకొకడైతే తలుపులు తీసే వేళకి గుర్రుపెట్టి నిద్రపోయాడు... ఎంత లేపినా లేవలేదు.

ఎనభై నాలుగులో డగ్ అనే మనిషి, కోల్డ్ ఫర్నెస్ బ్యాండ్ కోసం మూడు రాత్రులు మంచులో అక్కడే కూర్చున్నాడట. తీరా ఆ రోజుకి బ్యాండ్ బస్సు తుపానులో ఇరుక్కుంది. కచేరీ లేదన్నారు. అందరూ ఇళ్ళకి పోయారు. డగ్ పోలేదు... పొద్దున్న చూస్తే కుర్చీలోనే బిగుసుకుపోయి ఉన్నాడు.

నాకిలాంటివాటి మీద నమ్మకం లేదు. అంటే, ఉండేది కాదు.

ఇక రోండా అక్క సంగతి. యాభై ఏడేళ్ళు, బడి వంటింట్లో పని, సరిగ్గా నా ఛాతీ దాకా వస్తుంది. కోల్డ్ ఫర్నెస్ కచేరీలకి ముప్పై ఒక్కసార్లు వెళ్ళింది. చూసింది అనడానికి లేదు — విన్నది. చూసినవి మాత్రం ముప్పై ఒక్క మగాళ్ళ వీపులు.

ఆవిడా గిటార్ వాయిస్తుంది, ఇంటి కింద గదిలో, వాషింగ్ మెషీన్ పక్కన కూర్చుని. బ్యాండ్‌లో గిటారిస్టు లెన్నీ ఒక పాట మధ్యలో వాయించే ముక్క ఉంది. అది ఈవిడకి పాతికేళ్ళుగా లొంగలేదు. "ఆయన వేళ్ళు ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలురా," అంటుంది. వీడియోల్లో చూడొచ్చుగా అంటే, "నీ పెళ్ళి నువ్వు వీడియోలోనే చూసుకున్నావా?" అంటుంది.

ఇదే ఆఖరి టూరు, అందులోనూ ఆఖరి కచేరీ. వేదిక ముందు, లెన్నీ కాళ్ళ దగ్గర, రెండు పెద్ద స్పీకర్ల మధ్య ఒక్క మనిషి పట్టే సందు ఉంది. ముందు లోపలికెళ్ళినవాళ్ళదే అది. ఈ జన్మకి అదొక్కటే కావాలి రోండాకి.

మా క్యూకి మా చట్టం ఉంది, థియేటర్ వాళ్ళకి సంబంధం లేదు. వచ్చిన వరసలో చేతి మీద మార్కర్‌తో నంబరు రాస్తాం. అరగంటకి మించి లేచిపోతే ఆ నంబరు పోయినట్టే. పెళ్ళాం పురుడని ఆసుపత్రికి పరిగెత్తినవాడి నంబరు కూడా తీసేశాం. వాడు ఇప్పటికీ మాతో మాట్లాడడు.

ముందురోజు రాత్రి పదిన్నరకి రోండా ఒక్కతే వచ్చి, ఆ కిటికీ కిందే కుర్చీ వేసింది. ఇక్కడి నుంచి ఆవిడ చెప్పిందే చెప్తున్నాను.

నవంబరు చలి. గాలి లేదు... సందులో పిల్లి కూడా లేదు. పన్నెండు దాటాక ఎక్కడో కుర్చీ కిర్రుమంది.

తన కుర్చీ కాదు.

తనకీ తలుపుకీ మధ్య ఎవరో కూర్చుని ఉన్నారు. పాత మిలిటరీ ఉన్ని కోటు. తను ఊపిరి వదిలితే పొగ వస్తోంది... అతని నోట్లోంచి రావడం లేదు.

ఇంకెవరైనా అయితే కెవ్వుమని పరిగెత్తేవాళ్ళు. రోండాకి ముందు ఒళ్ళు మండింది.

"బాబూ, నేను వచ్చినప్పుడు ఇక్కడెవరూ లేరు," అంది గుసగుసగా.

అతను మెల్లగా చెయ్యెత్తాడు. చేతి మీద వెలిసిపోయిన సిరా — ఒకటి.

"ఎప్పుడొచ్చావు?"

"ఎనభై నాలుగులో."

అప్పుడు తెలిసింది ఆవిడకి, అతను డగ్ అని. అయినా మనసు క్యూ మీద నుంచి కదిలితేగా.

"మధ్యలో ఎక్కడికీ లేవలేదా? కాఫీకో... బాత్రూమ్‌కో?"

"లేవలేదు."

"అరగంట కూడా?"

"అవసరం రాలేదు."

రోండా వేళ్ళు మడిచి లెక్కేసింది. ఏ లెక్కన చూసినా నంబరు అతనిదే.

"నీ ఎత్తెంత, నాయనా?"

"ఆరడుగుల మూడంగుళాలు."

ఆవిడకి ఏడుపొచ్చేసింది. దెయ్యాన్ని చూసి కాదు.

ఒంటిగంటకి మా జాబితా రాసే గార్త్ వచ్చాడు. పోస్ట్‌మాన్, ముక్కుసూటి మనిషి. ఆయన బండిలోనే నేనూ దిగాను. సందులో రోండా ఒక్కతే ఉంది. ఇది మాత్రం నా కళ్ళతో చూసిందే.

"శభాష్ అక్కా, నీదే ఒకటి. చెయ్యి ఇటు తే," అన్నాడు గార్త్ మార్కర్ మూత తీస్తూ.

నోరు మూసుకుని చెయ్యి చాపితే చాలు, స్పీకర్ల మధ్య ఆ సందు ఆవిడదే. చెయ్యి సగం దాకా చాపింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"నాది రెండు," అంది ఏడుపు గొంతుతో. "ఒకటి ఈయనది."

మేమిద్దరం ఖాళీ గోడ వంక చూశాం.

"ఫ్లాస్కులో ఏం పోసుకొచ్చావక్కా?" అన్నాడు గార్త్.

నేను ఊరుకోవచ్చుగా. "ఆయనకి టికెట్ ఉందో లేదో అడుగు," అన్నాను.

ఆవిడ గోడ వైపు వంగి విని, మా వైపు తిరిగింది. "ఉందట. ఆ కచేరీ జరగలేదు కాబట్టి ఇంకా చెల్లుతుందట."

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. గార్త్ నవ్వలేదు. ఆవిడ చేతి మీద రెండు, నా చేతి మీద మూడు వేసి, జాబితాలో ఒకటి దగ్గర ఖాళీ వదిలేశాడు.

మర్నాడు సాయంత్రం తలుపులు తీశారు. రోండా పరుగు చూడాలి, ఆ వయసులో. అందరికన్నా ముందు స్పీకర్ల దగ్గరికి చేరి, ఆ సందు పక్కన చేతులు బార్లా చాపి నిలబడింది. ఎవణ్ణీ దూరనివ్వదు, తనూ దూరదు.

"నువ్వైనా నిలబడక్కా, ఖాళీగానే ఉందిగా," అన్నాను వెనక నుంచి.

"ఖాళీ లేదు," అంది.

దీపాలు ఆరాయి. జనం అరుపులు. లెన్నీ వచ్చాడు. ఆవిడ నిలబడ్డచోటి నుంచి స్పీకర్ అడ్డం... ఆయన బూటు తప్ప ఏమీ కనపడదు. ఆ పాట మొదలైంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూసి నాకూ జాలేసింది, నిజంగా.

అప్పుడు చెవి పక్కన చల్లగా ఎవరో అన్నారట —

"నువ్వు ముందుకి రా. నీ తల మీంచి నాకు కనపడుతుంది."

రోండా సందులోకి అడుగేసింది. లెన్నీ చెయ్యి మూరెడు దూరంలో ఉంది. "బొటనవేలు!" అని అరిచింది. "పైనుంచి బొటనవేలుతో తీగ నొక్కుతున్నాడు... పాతికేళ్ళ నుంచి నేను చిటికెనవేలు విరగ్గొట్టుకుంటున్నాను."

బొటనవేలుతో ఎలా నొక్కుతాడో నాకు తెలీదు. నేను చూస్తేగా.

రోండాకీ నాకూ మధ్య ఎవరూ లేరు. ఆవిడ తల నా ఛాతీ దాకానే. అయినా ఆవిడ సందులోకి అడుగేసిన దగ్గర్నుంచీ నా కళ్ళ ముందు అంతా చీకటి... దట్టమైన, తడి ఉన్ని వాసన వేసే చీకటి. అటు వంగాను, ఇటు వంగాను, మునివేళ్ళ మీద లేచాను. లాభం లేదు.

చివరికి ఆ చీకటినే వేలితో తట్టాను. వేలు ఐసులో పెట్టినట్టయింది.

"అన్నా... కాస్త పక్కకి జరుగు. ఏమీ కనపడట్లేదు."

అతను వెనక్కి తిరగలేదు.

"నీ నంబరెంత?"

"...మూడు."

"నాది ఒకటి," అన్నాడు.