మేముగారు

"కంప్యూటర్ మీదే మేడమ్. కానీ దాన్ని తెరిచే హక్కు మాది," అన్నాడు సర్వీస్ సెంటర్ కౌంటర్ అబ్బాయి, చాలా మర్యాదగా.

ఆమె చేసిన నేరమల్లా దుమ్ము దులుపుదామని నాలుగు మరలు విప్పడమే. ఒక మర మీద గోరంత స్టిక్కర్ ఉంది. అది చిరిగింది. దాంతో వారంటీ గాలికి పోయింది. నెల తర్వాత కంప్యూటర్ తనంతట తనే ఆగిపోయినా పాపం ఆమె నెత్తినే పడింది.

ఇంట్లో మూత ఉన్న వస్తువేదీ ఆమె చేతిలో మూతతో మిగల్లేదని బాబాయి అంటూ ఉంటాడు. విప్పినవన్నీ మళ్ళీ పనిచేశాయని మాత్రం అనడు.

"చెప్పు తెగితే కుట్టించుకోవడానికి చెప్పుల కంపెనీ అనుమతి కావాలా?" అని కౌంటర్ అబ్బాయిని అడిగింది.

"మీ అసౌకర్యానికి మేము చింతిస్తున్నాం."

"మేము అంటే ఎంతమంది? ఇక్కడ మీరొక్కరే ఉన్నారు."

అతను వెనక్కి తిరిగి చూశాడు. నిజమే, ఎవరూ లేరు. ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ రోజే పేరు పెట్టేసింది: మేముగారు.

రెండోసారి వెళ్తే మదర్‌బోర్డు మార్చాలన్నాడు.

"డిస్కు కూడా మేము చెరిపేస్తాం మేడమ్. ఇక్కడ సంతకం పెట్టండి."

ఆ డిస్కులో ఆమె మూడేళ్ళ డైరీ ఉంది. నకలు ఉంచుకోండి అని ఊరందరికీ చెప్పే మనిషి, తను మాత్రం ఉంచుకోలేదు. తనే ఊడదీద్దామని ఇంట్లో చూసింది కానీ, డిస్కుకి బిగించిన వింత మర ఆమె దగ్గరున్న ఏ స్క్రూడ్రైవర్‌కీ లొంగలేదు.

కాగితాలు పదకొండు పేజీలున్నాయి. నిలబడి చదివింది. వెనక క్యూ గొణిగింది. ఏడో పేజీ దగ్గర తలెత్తింది.

"పాడైతే బాధ్యత నాది, బాగుచేసే హక్కు మీది. ఇంతకీ నేను కొన్నదేమిటి, అట్టపెట్టా?"

"మేము..."

"చింతిస్తున్నారు. తెలుసు."

సంతకం పెట్టకుండా వచ్చేసింది.

మూడోసారి కంప్యూటర్ సంచీలో పెట్టుకుని వెళ్ళేసరికి షట్టర్ దించేశారు. పైగా వాన. ఎదురుగా ఉన్న బస్టాప్‌లోకి పరుగెత్తితే, అక్కడ మేముగారు గొడుగుతో నిలబడి ఉన్నాడు. కంపెనీ చొక్కా లేకపోతే మామూలు మనిషిలాగే ఉన్నాడు.

"భోజనం మానేసి ఆ పదకొండు పేజీలూ చదివానండీ," అన్నాడు. "రెండేళ్ళుగా అందరిచేతా సంతకాలు పెట్టిస్తున్నాను. చదివింది ముందు మీరు, తర్వాత నేను."

"ఏం తేలింది?"

"కొన్నవాళ్ళు డిస్కు తీసుకోకూడదని ఎక్కడా లేదు."

జేబులోంచి నక్షత్రం మొన ఉన్న స్క్రూడ్రైవర్ తీసి ఆమె చేతికిచ్చాడు.

"మీరే విప్పండి. మీది కదా."

"మీవాళ్ళకి తెలిస్తే?"

"నా ఉద్యోగం పోయినందుకు వాళ్ళు చింతిస్తారు."

అతను జల్లు పడకుండా గొడుగు అడ్డం పట్టాడు. బెంచీ మీద కంప్యూటర్ పెట్టి, మూత తీసి, ఆమె ఆ వింత మర విప్పింది. డిస్కు అరచేతిలోకి వచ్చింది.

"ఏముందందులో?"

"డైరీ."

"నేను చదవొచ్చా?"

"షరతులు వర్తిస్తాయి."

బస్సు వచ్చింది. ఆమె మెట్టు మీద కాలు పెట్టింది.

"రేపు మనం పాత కంప్యూటర్ ఒకటి వెతుకుదాం. డిస్కు పెట్టి చూడాలి కదా," అన్నాడు అతను.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడేమన్నారు?"

"పాత కంప్యూటర్..."

"దానికి ముందు."

అతనికి గుర్తొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. బస్సు వెళ్ళిపోయింది.

"మనం," అన్నాడు మెల్లగా.

"మనం అంటే ఎంతమంది?"

ఈసారి అతను వెనక్కి తిరిగి చూడలేదు.

"ఇద్దరం," అన్నాడు.