అందగాడి పంటి మీద ఆకు

"మేడమ్, మీరే కాపాడాలి! నా పంటి మీద ఆకు పోవడం లేదు!"

తలుపు తోసుకుని లోపలికి వచ్చిన పెద్దమనిషి పళ్ల డాక్టరు. డిటెక్టివ్ కళ్లజోడు సవరించుకుని ఆయన నోట్లోకి తొంగి చూసింది. పళ్లు తళతళలాడుతున్నాయి. ఆకు కాదు కదా, ఈనె ముక్క కూడా లేదు.

"నోట్లో కాదండీ, వెబ్‌సైట్లో!" అంటూ డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు.

ఆయన క్లినిక్ వెబ్‌సైట్ తెరవగానే ఆయన నవ్వు ముఖమే కనిపిస్తుంది. రోజూ పొద్దున రాగానే ఆ ఫోటో చూసుకుని మురిసిపోవడం ఆయనకు అలవాటు. ముందు పంటి మీద పచ్చటి ఆకుకూర ముక్క అతుక్కుని ఉందని మాత్రం ఎన్నడూ గమనించలేదు. చివరికి ఒక పేషెంటు, "ముందు మీ పళ్లు ఎవరికైనా చూపించుకోండి" అని కుర్చీ దిగి వెళ్లిపోయాడు. వెంటనే కొత్త ఫోటో తీయించి, సైటు చూసుకునే బావమరిదికి ఇచ్చాడు. మార్చేశానని అతను ఒట్టేసి చెప్పాడు. డాక్టరు కంప్యూటర్లో మాత్రం ఆకు అక్కడే ఉంది.

"వాడే కావాలని నా పరువు తీస్తున్నాడు. వాడి బండారం బయటపెట్టండి చాలు. ఇవాళే ఉద్యోగంలోంచీ ఇంట్లోంచీ కూడా సాగనంపేస్తాను."

"మీ ఆవిడ ఏమంటున్నారు?"

డాక్టరు గొంతు తగ్గింది. "తమ్ముడు గడప దాటితే తనూ దాటుతానంటోంది."

"అతన్ని ఏమని పిలుస్తారు?"

"బొండాం అంటారండీ, చిన్నప్పటి నుంచీ."

పక్కనే ఉన్న అసిస్టెంటు ఆ పేరు శ్రద్ధగా రాసుకున్నాడు. మేడమ్ తుమ్మినా అందులో ఏదో అంతరార్థం ఉంటుందని నమ్మే మనిషి అతను.

మధ్యాహ్నం ఇద్దరూ క్లినిక్‌కి వెళ్లేసరికి డాక్టరు మేడ మీద ఇంట్లో భోజనం చేస్తున్నాడు. విచారణ కోసం అసిస్టెంటు పెద్ద సోఫాని చెమటలు కక్కుతూ గది మధ్యకు లాగాడు. ఇంతలో అగ్గిపుల్లలా ఉన్న ఒక యువకుడు వచ్చి నిలబడ్డాడు.

"కాస్త పక్కకు జరగండి. బొండాంగారు వచ్చే వేళయింది" అన్నాడు అసిస్టెంటు.

"నేనేనండీ బొండాం" అన్నాడతను బిక్కముఖంతో.

డిటెక్టివ్ చిన్నగా నవ్వి, ముందు రిసెప్షనిస్టుని పిలిచింది.

"నా కంప్యూటర్లోనూ ఆకు ఉంది మేడమ్" అందామె. "పాత పేషెంట్లు ఫోన్లో సైటు చూసుకుని కిసుక్కుమంటున్నారు. చిత్రమేమిటంటే, కొత్తగా వచ్చేవాళ్లు బుద్ధిగా కూర్చుంటున్నారు."

డాక్టరు భార్య మేడ దిగి విసురుగా వచ్చింది. "నిన్ననే కొత్త ఫోన్ కొన్నాను. అందులో తెరిస్తే ఫోటో శుభ్రంగా ఉంది. మా తమ్ముడు అబద్ధమాడడు."

చివరికి బొండాం వంతు వచ్చింది.

"మొదటి ఫోటో పెట్టినప్పుడు ఆకు కనిపించలేదా?"

అతను తల దించుకున్నాడు. "కనిపించింది. చెబితే బావగారు విరుచుకుపడతారని నోరు మూసుకున్నాను."

అసిస్టెంటు కాగితం మీద 'దొరికిపోయాడు' అని రాసి కింద గీత గీశాడు.

"మరి కొత్తది ఎలా పెట్టావు?"

"పాతది తీసేసి, అదే పేరుతో పెట్టానండీ. ఆ ఫోటోకి 'అందగాడు' అని బావగారే ముచ్చటపడి పేరు పెట్టుకున్నారు. మారిస్తే ఊరుకోనన్నారు."

"సైటు భలే త్వరగా తెరుచుకుంటోందే!"

"అదీ ఆయన ఆజ్ఞే. చిటికెలో తెరుచుకోవాలన్నారు. అందుకని ఫోటోల్ని ఏడాదిపాటు దాచుకోమని బ్రౌజర్లకి చెప్పి పెట్టాను."

డిటెక్టివ్ అసిస్టెంటు వైపు తిరిగింది. "ఇందాక ఆ సోఫా ఎందుకు లాగావు?"

"బొండాం అన్నారు కదా అని..." అతను నసిగాడు.

"కేసు అక్కడే తేలిపోయింది. డాక్టరుగారిని పిలువు."

భోజనం ముగించుకుని డాక్టరు దిగివచ్చాడు. అందరూ ఆయన కంప్యూటరు చుట్టూ చేరారు. తెర మీద ఆకు పచ్చగా నవ్వుతోంది.

"ఇక్కడ రెండు ఫోటోలు లేవు. సైటులో ఉన్నది కొత్తదొక్కటే" అంది డిటెక్టివ్. "మొదటిసారి తెరిచినవాళ్లకి అదే కనిపిస్తోంది. అందుకే కొత్త ఫోన్లో ఆకు లేదు, కొత్త పేషెంట్లూ నవ్వలేదు. ఇదివరకు చూసినవాళ్ల బ్రౌజరు మాత్రం పాత ఫోటోని తన దగ్గరే దాచుకుంది. మళ్లీ 'అందగాడు' అనగానే, 'ఈయన నాకు తెలుసులే' అనుకుని ఆ పాతదే తీసి చూపిస్తోంది. బొండాం అనగానే మావాడు సోఫా లాగినట్టు!"

అసిస్టెంటు సిగ్గుపడుతూనే పొంగిపోయాడు.

"అయితే నేరస్థుడెవరు?" అన్నాడు డాక్టరు.

"పేరు మార్చొద్దన్నది మీరు. చిటికెలో తెరుచుకోవాలన్నదీ మీరే. రెండూ కలిసి ఆకుని అంటించాయి." ఆమె యువకుడి వైపు చూసింది. "ఫోటో పేరు 'అందగాడు-2' అని మార్చు. పేజీలోనూ అదే రాయి."

అతను మార్చాడు. డాక్టరు పేజీ మళ్లీ తెరిచాడు. కొత్త పేరు ఎప్పుడూ వినని బ్రౌజరు కొత్త ఫోటోనే తెచ్చుకుంది. తెర మీద పళ్లు ముత్యాల్లా మెరిశాయి.

"ఒరే బొండాం..." అంటూ డాక్టరు తెర మీంచి కళ్లు తిప్పకుండానే చెయ్యి చాచాడు.

"బొండాం ఎక్కడున్నాడండీ?" భార్య కస్సుమంది. "కళ్లు తెరిచి ఒక్కసారి వాణ్ణి చూడండి."

డాక్టరు చూశాడు. నిజంగానే చూశాడు. "ఇంతలా ఎప్పుడు చిక్కిపోయావురా?"

"చాన్నాళ్లయిందండీ. భోజనాల దగ్గర మీరు సైటు గురించి అడుగుతుంటే భయంతో ముద్ద దిగేది కాదు."

డాక్టరుకి తల కొట్టేసినట్టయింది. ఒకే ఇంట్లో ఉంటూ ఇన్నాళ్లూ పాత బొమ్మనే చూస్తున్నందుకు చాలా బాధపడ్డాడు. "తప్పు నాదేరా. నువ్వు ఎక్కడికీ వెళ్లొద్దు. ఇక నుంచి నిన్ను ఆ పేరుతో పిలిస్తే ఒట్టు" అని బావమరిదిని దగ్గరకు తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ మనసారా నవ్వాడు.

ముందు పంటి మీద పచ్చటి ఆకు ముక్క.

రిసెప్షనిస్టు పైకప్పు వైపు చూసింది. ఏదో అనబోయిన అసిస్టెంటు కాలిని డిటెక్టివ్ గట్టిగా తొక్కింది. అందరి చూపులూ ఆ సన్నటి కుర్రాడి మీద పడ్డాయి. అతను ఒక అడుగు ముందుకు వేశాడు.

"బావా, పంటి మీద ఆకుంది. తుడుచుకోండి."

డాక్టరు అద్దం అందుకుని చూసుకున్నాడు, తుడుచుకున్నాడు. బావమరిది వైపు తిరిగి మళ్లీ పళ్లు బయటపెట్టాడు.

"ఇప్పుడు చూడు. పోయిందా?"