డేవీని దించే మనిషి

కెల్లాస్ రేవులో తుపాను కూడా నన్నడిగే లేచేది. నలుగురు లాగే సుంకం పడవను ఒంటిచేత్తో లాగుతూ రెండో చేత్తో చుట్ట కాల్చుకునేవాణ్ణి, ఈ ఐస్బిస్టర్‌ని! టాస్మేనియా తీరమంతా వెతికినా నాకు జోడు దొరకడు. అలాంటి నన్ను జేమ్స్ లమ్స్‌డెన్ నిలువునా ముంచాడు.

లమ్స్‌డెన్ మా సుంకాధికారి. స్కాట్లండ్ నుంచి తమ్ముడు డేవీని రప్పించి కాపలా కొలువులో పెట్టాడు. ఓడలో లక్క ముద్ర వేసిన సరుకు దగ్గర కాపలావాడు కూర్చోవాలి. బదులు మనిషి వచ్చేదాకా దిగకూడదు, ఓడ తగలబడుతున్నా సరే.

ఒకనాడు కొత్త ఓడ వచ్చింది. వైద్యుడు చూడందే దాన్నెవరూ ఎక్కకూడదు. దొంగ పొగాకు దాటిపోతుందన్న ఆత్రంలో లమ్స్‌డెన్ ముందే తమ్ముణ్ణి ఎక్కించాడు. తీసుకెళ్లింది నేనే. నిచ్చెన మీంచి డేవీ నవ్వాడు.

“మామా, రేపు నన్ను దించడం మరిచారో, అమ్మకు ఉత్తరం రాసేస్తా.”

“రాయరా, పాలు తాగే పిల్లాడివి కదా,” అన్నాను.

తెల్లారేసరికి ఓడ మీద అంటురోగం గుర్తుగా పసుపు జెండా. మశూచి. నేను తెడ్లందుకుంటే లమ్స్‌డెన్ ఆపాడు. డేవీ రాత్రే వేరే పడవలో దిగి బంగారు గనులకు పారిపోయాడన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నా గ్లాసులో విస్కీ పోశాడు. నమ్మాను.

ఓడను దూరంగా తరిమేశారు. అందులో ఒక్కరూ బతకలేదు. చివరికి దాన్ని తగలబెట్టారు. మా మనిషెవడూ అందులో లేడని లమ్స్‌డెన్ పైఅధికారులకు రాశాడు. తమ్ముడు గనుల్లో కులాసాగా ఉన్నాడని తల్లికి రాశాడు. ఆ రెండు ఉత్తరాలనూ టపా ఓడకు చేర్చింది ఈ చేతులే.

చలికాలంలో తల్లి జవాబు వచ్చింది. ఆ సాయంత్రం పొగమంచు మా సుంకం కచేరీ కిటికీలకు అంటుకుపోయింది. కవరు విప్పగానే గదంతా కాలిన చెక్క వాసన, దాని కింద సముద్రపు నాచు వాసన. లమ్స్‌డెన్ చేతిలోంచి కాగితం జారింది. నేను తీసి చదివాను.

‘జేమీ, నీ కవరులోనే డేవీ ఉత్తరమూ పెట్టావు. అదంతా తడిసిపోయిందేం నాయనా? వాడింకా ఓడ మీదే ఉన్నాడట. నువ్వు మనిషిని పంపలేదట. ఎందుకురా?’

“దిగిపోయాడన్నావు కదయ్యా,” అన్నాను.

“వైద్యుడి కంటే ముందే ఎక్కించానని తెలిస్తే... నా ఉద్యోగం పోయేది.”

ఆ విస్కీ రుచి ఇప్పుడు నా నోట్లో విషంలా తిరిగింది. నాతో కలిసి తాగుతూనే... వాణ్ణి చంపాడు.

బయట తెడ్ల చప్పుడు. ఆగింది.

“మామా... మనిషొచ్చాడా?”

తిమింగలాలను ఉరిమి చూసిన నేను తలుపు వెనక నక్కాను. లమ్స్‌డెన్ మాత్రం లేచాడు. లాంతరు అందుకుని, మెట్లు దిగి, మా పడవలో కూర్చున్నాడు. తెడ్లు ఒడ్డునే ఉన్నాయి. పడవ కదిలింది... పోటుకు ఎదురుగా... మంచులోకి.

పొద్దున పడవ తిరిగొచ్చింది. అందులో ఎవరూ లేరు. కూర్చునే బల్ల మీద లక్క ముద్ర. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

తర్వాతి టపాలో ముసలమ్మ ఉత్తరం నా పేర వచ్చింది.

‘ఐస్బిస్టర్ బాబూ, మా డేవీ ఇంటికొచ్చాడు. పొయ్యి పక్కనే కూర్చుంటాడు, తడి బూట్లు మాత్రం విప్పడు. జేమీ కూడా ఆ ఓడ మీంచే రాశాడు. ఆ కాగితమూ తడిసే ఉంది. తనను దించడానికి నువ్వు వస్తున్నావట. ఎప్పుడెళ్తావు?’