ఒక్కటే ఎముకల గూడు

హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలోని ఎక్స్‌రే సెంటర్ వెనక గదిలో, కంప్యూటర్ ముందు అభిజ్ఞ తల పట్టుకుని కూర్చుంది. రంజాన్ నెల. ఇఫ్తార్ సైరన్ మోగి గల్లీ అంతా ఖాళీ అయింది. ఎక్కడినుంచో హలీం వాసన, గదిలో ఫిల్ములు కడిగే మందు ఘాటు. రేపు పొద్దున యూనివర్సిటీ నుంచి గైడ్ వస్తాడు. బతికున్న ఒక్క మనిషి ఛాతీ అయినా తెరమీద సరిగ్గా రాకపోతే ప్రాజెక్టు మూసేస్తానని మొహం మీదే చెప్పాడు. ఇన్నేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.

ఆమె చేయాలనుకున్నది చెప్పడానికి తేలికే. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రెండు ఎక్స్‌రేలు ఇస్తే చాలు. కంప్యూటర్లో చూసి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ మిగతాదంతా ఊహించి, అన్ని వైపులా తిప్పి చూసుకునేలా ఎముకల గూడును కట్టాలి. దానికి నేర్పాలంటే వందల ఫిల్ములు కావాలి. బతికున్నవాళ్లకు అన్ని తీయకూడదు. అందుకని మెడికల్ కాలేజీ నుంచి ఒక అస్థిపంజరాన్ని అరువు తెచ్చి, పీట మీద నిలబెట్టి, కొంచెం కొంచెం తిప్పుతూ తీశారు. పని కాగానే తిరిగి పంపేశారు. అది ఎవరిదో, ఏ ఊరిదో ఎవరూ అడగలేదు.

ఇప్పుడా నెట్‌వర్క్ ఆ ఒక్క గూడునే బట్టీ పట్టేసింది. పక్కింటి కాశమ్మ ఫిల్ములు పెట్టినా అదే, కుస్తీలు నేర్పే తాలీంఖానా పహిల్వాన్‌వి పెట్టినా అదే. ఎడమవైపు విరిగి అతుక్కున్న అదే పక్కటెముక! సెంటర్లో ఎక్స్‌రేలు తీసే రామ్‌చందర్ జాలిపడి తన ఛాతీకే తీసి ఇచ్చాడు. అవీ పెట్టింది. మళ్లీ అదే.

"నీ మొహం మండ! ఇంకెవరూ దొరకలేదా నీకు?" అని తెరను తిట్టి బల్ల గుద్దింది. ఏడుపొక్కటే తక్కువ.

వెనక నిలబడ్డ రామ్‌చందర్ తెరలోకి తొంగిచూశాడు. "అమ్మా... బొక్కలు మొన్నటికంటె పైకి లేశినయ్."

నిజమే. ఒక్కో బొమ్మలో పక్కటెముకలు ఇంకొంచెం... ఇంకొంచెం...

"తప్పు బొమ్మ, అంతే. దానికి ఊపిరుంటదా ఏంది అన్నా?"

అతని గొంతు తగ్గింది. "పేషెంట్లకు చెప్పే అలవాటు గదా... ఫిల్ములు తీసేటప్పుడు గా బొక్కలగూడుక్కూడ చెప్పిన. ఊపిరి తీస్కో, బిగబట్టు అని. గప్పుడే కరెంటు పోయింది. వదులు అని మాత్రం చెప్పలే."

అభిజ్ఞకు నవ్వు రాలేదు, ఓపికా మిగల్లేదు. "అయితే ఇప్పుడు చెప్పు! నా పని కానీయ్."

రామ్‌చందర్ తెర దగ్గరికి వంగాడు. "వదులు..."

ఆమె మళ్లీ మీట నొక్కింది. గూడు మెల్లగా కట్టుకుంది. విరిగిన ఎముక లేదు. వెడల్పాటి ఛాతీ, కాస్త ఒరిగిన వెన్ను. రామ్‌చందరే! కాశమ్మ ఫిల్ములు పెట్టింది. కాశమ్మే వచ్చింది. అభిజ్ఞకు ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గెలిచినం అన్నా! రేపు ఆయన నోరు మూతపడాల్సిందే!"

అప్పుడు చూసింది. ఫిల్ముల్లో ఇద్దరూ ఊపిరి నిండా పీల్చుకుని ఉన్నారు. తెరమీద మాత్రం ఇద్దరి పక్కటెముకలూ కిందికి దిగిపోయాయి. లోపల ఉన్న గాలంతా వదిలేసినట్టు...

"అన్నా, ఇటు చూడు."

వెనక్కి తిరిగింది. రామ్‌చందర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఛాతీ మీద చొక్కా కదలడం లేదు.

పెదాలు మాత్రం కదిలాయి.

"అమ్మా... మళ్ల పీల్చుకునుడు ఎట్లనో... యాదికొస్తలేదు."