నలభై అయిదు సెకన్ల బేరం

కిరాణా కొట్టు యజమాని యదుల్లా బల్ల వెనక నేల మీద పడి ఉన్నాడు. తల కింద రక్తం. పక్కన పగిలిన పచ్చడి జాడీ. కొట్టంతా వెనిగర్ వాసన.

ఊపిరి ఉంది. స్పృహ లేదు. అంబులెన్స్ 10.58కి వచ్చి తీసుకుపోయింది.

కెప్టెన్ మహీన్ ఖుర్షీదీ అమీరియే పేటలోని ఆ కొట్టుకి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. అప్పటికే సార్జెంట్ బర్జేగర్ కేసు ముగించేసి టీ తాగుతున్నాడు. బియ్యం బస్తాల మీద, చేతులకి బేడీలతో, నేమతుల్లా కూర్చుని ఉన్నాడు. అఫ్ఘాన్ కూలీ. పదకొండేళ్లుగా యదుల్లాకి బస్తాలు మోస్తున్నాడు. చొక్కా నిండా యజమాని రక్తం. ఎడమ చెంప వాచి ఉంది.

"ఆ చెంప ఏమైంది?" అంది మహీన్.

"తలుపు తగిలింది మేడమ్."

"తలుపుకి అయిదు వేళ్లుంటాయా?"

సార్జెంట్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎదురు రొట్టెల కొట్టు కెమెరాలో అంతా ఉంది మేడమ్. 10.41కి ఇంజనీర్ కామ్రాన్ గారు లోపలికెళ్లారు. ఎండు నిమ్మకాయలు కొనుక్కుని వెళ్లిపోయారు. అప్పటికి ముసలాయన నిక్షేపంలా ఉన్నాడట. 10.47కి వీడు బస్తాతో లోపలికి. 10.48కి కేకలు. ఉన్నది ఒకటే తలుపు. మధ్యలో పురుగు కూడా దూరలేదు. నాలుగింటికి జైలు వ్యాన్ వస్తుంది. ఎక్కించడమే."

"నేను వచ్చేసరికే పడి ఉన్నాడమ్మా," అన్నాడు నేమతుల్లా. "తల ఒళ్లో పెట్టుకుని కేకలేశాను. నన్నేం చేసినా చెయ్యండి. నేను జైలుకెళితే నా పెళ్లాంపిల్లల్ని సరిహద్దు దాటించేస్తారు. అక్కడ మాకు ఇల్లు లేదు, వాకిలి లేదు."

"ఒరేయ్, ఏడుపు ఆపు!"

"నోరు ముయ్యి సార్జెంట్."

మహీన్ వీడియో మూడుసార్లు చూసింది. 10.41.10. కామ్రాన్ లోపలికి. 10.41.55. చేతిలో కాగితం పొట్లంతో బయటికి.

నలభై అయిదు సెకన్లు.

ఆమె వీడియో ఆపేసింది.

"ఆ ఇంజనీర్‌ని పిలిపించు. యదుల్లా భార్యని కూడా."

3.20కి కామ్రాన్ వచ్చాడు. వేలికి కారు తాళాలు తిప్పుకుంటూ నిలబడ్డాడు. ఆ వరసలో పాత ఇళ్లన్నీ కొని పడగొట్టించినవాడు. అతని పది అంతస్తుల మేడకి అడ్డం ఈ కొట్టు ఒక్కటే. ఆసుపత్రి నుంచి యదుల్లా భార్య తూబా ఖానుం వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏం కొన్నారు?" అని అడిగింది మహీన్ కామ్రాన్‌ని.

"ఎండు నిమ్మకాయలు. పావు కిలో."

"తూచాడా?"

"తూచాడు. పొట్లం కట్టాడు. ధర చెప్పాడు. ఇచ్చాను. వచ్చేశాను."

"ఇంకేమైనా మాట్లాడుకున్నారా?"

"ఒక్క ముక్క లేదు. కారు రోడ్డుకి అడ్డంగా పెట్టి వచ్చాను."

మహీన్ వాచీ చూసుకుని ముసలమ్మ వైపు తిరిగింది.

"తూబా ఖానుం, నాకూ పావు కిలో నిమ్మకాయలివ్వు."

"నా మొగుడు చావుబతుకుల మధ్య ఉంటే నీకు కూరలోకి నిమ్మకాయలు కావాల్సొచ్చాయా?"

"ఇవ్వమ్మా."

ముసలమ్మ డబ్బా మూత విసిరికొట్టింది. తూచింది. పొట్లం కట్టి బల్ల మీద కొట్టినట్టు పెట్టింది.

"ఎంతమ్మా?"

"డబ్బులెందుకులే తల్లీ, నీకంటే ఎక్కువా?"

అడగ్గానే ధర చెప్పకపోవడం ఈ ఊరి కొట్లలో మర్యాద. ఆ మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

"అలా కాదు, చెప్పు."

"ఉండనీ. ఇది మీ కొట్టే అనుకో."

"నా మీద ఒట్టు, చెప్పు."

"కూర వండుకుని తిను. బాగుంటే అప్పుడిద్దువుగాని."

మహీన్ నాలుగోసారి అడిగితే తల మీది ముసుగు అంచుతో ముక్కు తుడుచుకుని ధర చెప్పింది.

"రెండు నిమిషాల యాభై సెకన్లు," అంది మహీన్. "అదీ నన్ను తిట్టుకుంటూ. సార్జెంట్, నువ్వూ ఇక్కడే కొంటావు. వద్దు వద్దనకుండా యదుల్లా ఒక్కసారైనా ధర చెప్పాడా?"

"ఆయనా? మొన్న అగ్గిపెట్టెకి ఆరు నిమిషాలు పట్టింది మేడమ్."

"ఈయన లోపల ఉన్నది నలభై అయిదు సెకన్లు. అంతలో ఈ కొట్లో ఎవరూ ఏదీ కొనలేరు. ఎవరికో కట్టిపెట్టిన పొట్లం ఎత్తుకుపోగలరు, అంతే."

"తొందరలో ఉన్నానని చెప్పాగా!" అరిచాడు కామ్రాన్.

"తొందరలో ఉన్నవాణ్ణి మా ఆయన ఇంకాస్త కూర్చోబెడతాడు," అంది తూబా ఖానుం. "మూడేళ్లుగా కాగితాలు మోసుకొస్తున్నావు. ఒక్కనాడైనా కుర్చీ వెయ్యకుండా పొమ్మన్నాడా? కొట్టు మీదేనండీ, రండి అనకుండా ఉన్నాడా?"

"అన్నాడు! ఇవాళా అదే అన్నాడు! కొట్టు మీదేనన్నాడు. నాదైతే సంతకం పెట్టు అన్నాను. నవ్వాడు! నా మొహం మీదే నవ్వాడు ముసలి..."

తాళాలు తిరగడం ఆగిపోయింది.

"ఒక్క ముక్క మాట్లాడలేదన్నారు," అంది మహీన్.

కామ్రాన్ తలుపు వైపు చూశాడు.

"తోశానంతే," అన్నాడు. "బల్ల అంచు తగులుతుందనుకోలేదు."

"తగిలింది. రక్తం చూశావు. ఊపిరుందో లేదో చూశావా? పొట్లం చంకన పెట్టుకుని కారెక్కావు. అయిదు నిమిషాలు ఆయన రక్తం కారుతూ పడి ఉన్నాడు. ఈ మనిషి వచ్చాడు కాబట్టి ఇంకా ఊపిరితో ఉన్నాడు. మేమేమో ఈ మనిషికి బేడీలు వేశాం."

బయట జైలు వ్యాన్ హారన్ కొట్టింది. 3.54.

సార్జెంట్ బేడీలు విప్పి కామ్రాన్ చేతులకి వేశాడు. ఇంజనీర్‌ని వ్యాన్ ఎక్కించి వెనక్కి వచ్చాడు.

"నువ్వింక పో," అన్నాడు నేమతుల్లాతో.

"'మీరు' అను," అంది మహీన్.

"మీరు... వెళ్లొచ్చు. తప్పయిపోయింది. క్షమించండి."

ఎంత పెద్ద తప్పుకైనా ఈ ఊళ్లో దానికి బదులు 'అయ్యో, పర్వాలేదు' అనాలి. రాజుకైనా కూలీకైనా అది మర్యాద.

నేమతుల్లా అనలేదు. మణికట్లు రుద్దుకుంటూ సార్జెంట్ కళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు. సార్జెంటే తల దించుకున్నాడు.

"ఏ ఆసుపత్రి అమ్మా?" అని తూబా ఖానుంని అడిగాడు నేమతుల్లా.