దొర కల్లంగడిలో మూలబల్ల

జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దోవలో ఒక అంగడి ఉంది. అక్కడ ఏ బల్ల దగ్గరైనా కూర్చోండి గానీ మూలబల్ల దగ్గర మాత్రం వద్దని ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా ఎవరిని అడిగినా చెబుతారు. కూర్చున్నవాళ్ళు తిండి సగంలో వదిలేసి లేచిపోయారట. లేచిపోయినవాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కలేదట.

యజమాని ఆ అంగడికి పెట్టిన పేరు 'నల్ల గుర్రం'. వాకిట్లో ఇనుపకడ్డీకి వేలాడే పలక మీద గుర్రం బొమ్మ కూడా ఉంది. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు మాత్రం 'దొర కల్లంగడి' అంటారు. ఆ పేరెందుకు వచ్చిందో ముందు చెబుతాను, లేకపోతే తర్వాతి సంగతి తలకెక్కదు.

ఇంగ్లండు పల్లెల్లో పబ్ అని ఒకటి ఉంటుంది. మన సారాయి అంగడి లాంటిది కాదు. పొద్దు గూకినాక ఆడా మగా, ముసలీ ముతకా అక్కడ చేరతారు. ఏల్ తాగుతారు — అంటే మొలకెత్తిన బార్లీతో కాచి పులియబెట్టినది. సైడర్ తాగుతారు — అంటే పులిసిన ఆపిల్ రసం. పిండి దొప్పలో మాంసం మూసి కాల్చిన 'పై' తింటారు. బయట వాన, లోపల పొయ్యిమంట. పులివెందుల వివేక్ చదువుకోడానికి ఆ దేశం పోయి, అలాంటి చోట కూర్చుని, మనసు అక్కడే పారేసుకొని వచ్చాడు. గండికోట చూడవచ్చే జనం కోసం అచ్చం అలాంటిదే కట్టాడు. తలకు తగిలే దూలాలు, చిన్న కిటికీలు, గోడలో పొయ్యి. మన ఎండలకు ఆ పొయ్యిలో మంటెవరు వేస్తారు? లోపల ఎర్ర బల్బు పెట్టి, దాని పైన ఏసీ బిగించాడు.

బల్లలు మాత్రం మన రాయివే. నాపరాయి. మన గనుల్లో పలకలు పలకలుగా లేస్తుందే, ఇళ్ళలో నేలకు పరుచుకుంటామే, అది. పాత రాళ్ళయితేనే అందమని, వెతికి వెతికి పాతవే తెప్పించి ఇనుప కాళ్ళ మీద ఎక్కించాడు.

తెరిచిన నెలకే మొదలైంది...

పొయ్యి పక్క మూలబల్ల మీద గ్లాసు పెడితే — దానంతట అదే జరిగేది. మెల్లగా... ఎవరో వేలితో తోసినట్టు. కొవ్వొత్తి వెలిగిస్తే ఆరిపోయేది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరేది. ఒక కొత్త జంట, బల్ల కింద ఎవరో నిట్టూర్చారని, చెప్పులు వదిలేసి పరిగెత్తింది.

ప్రసన్నకుమారికి ఇవేవీ తెలియవు. ఆమె వల్లూరులో నర్సు. భర్త ఆరోన్‌కు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఆ అంగడికి వచ్చిన రోజు ఆమె పొద్దున్నుంచీ కోపంగా ఉంది. నిజానికి ఏడాదిగా కోపంగానే ఉంది.

ఆ రోజు సమాధుల పండగ. క్రైస్తవులు ఆ రోజు తమవాళ్ళ సమాధుల దగ్గర గడ్డి పీకి, రాయి కడిగి, పూలు పెట్టి కొవ్వొత్తి వెలిగిస్తారు. ప్రసన్న చిన్ననాటి నుంచీ ఇంకొక పని కూడా చేసేది. తల్లి మేరీ రాయి మీద అక్షరాల గుంటల్లో మట్టిని వేలితో తీసి, నల్లరంగు నింపేది. ఆ రాయి చెక్కింది ఆమె తండ్రి దేవపాలే. నాపరాళ్ళ గనిలో బతుకంతా అరగదీసినవాడు. పైన ఉబ్బెత్తుగా సిలువ, ఉలి జారి విరిగిన దాని ఎడమ కొస, దాని కింద భార్య పేరు... ఆ పేరు కింద జానెడు జాగా ఖాళీ. అది తన పేరుకని వదులుకున్నాడు.

కిందటేడు రోడ్డు వెడల్పు చేస్తూ సమాధుల తోట గోడ పడగొట్టారు. తెల్లారి చూస్తే రాళ్ళు సగం లేవు. ట్రాక్టర్లలో పోయాయన్నారు. ఎవరు తోలారో మాత్రం ఎవరూ అనలేదు. ప్రసన్న తొక్కని ఆఫీసు లేదు. "రాళ్ళే గదమ్మా" అన్నాడు ఒకాయన, టీ ఊదుకుంటూ. ఆ మాట ఆమె గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు దేవపాలు మంచం పట్టాడు. ఇక లేచేది లేదని ఆయనకూ తెలుసు. ఆ పొద్దున కూడా అడిగాడు.

"అమ్మ రాయి కనపడిందా?"

"వెతుకుతాండాం నాయనా."

"బిరీన చూడు. నా పేరు కొట్టను మనిషిని గూడా పిలవాల గదా."

మట్టిదిబ్బల మధ్య, ఇదే అయ్యుంటుందనుకున్న చోట ప్రసన్న కొవ్వొత్తి పెట్టింది. గాలికి ఆరింది. మళ్ళీ పెట్టింది. ఆరింది. ఆ కొవ్వొత్తినీ అగ్గిపెట్టెనూ సంచిలో వేసుకొని, పళ్ళు బిగించి ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రమే ఆరోన్ స్నేహితుడు నాగేంద్ర విందు. ఉద్యోగ విరమణ చేశాడు. తన సంబరం దొర కల్లంగడిలోనే జరగాలని పట్టుబట్టాడు.

"తాగే చోటికి నేనెందుకు?" అంది ప్రసన్న.

"తిండి గూడా పెడతారంట. నువ్వు రాకుంటే వాడు నొచ్చుకుంటాడు" అన్నాడు ఆరోన్.

వాళ్ళు చేరేసరికి చీకటి పడింది. బల్లలన్నీ నిండి ఉన్నాయి... ఒక్కటి తప్ప.

వడ్డించే ఇర్ఫాన్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు. "అక్కా... ఆ బల్ల వద్దు. రవ్వంతసేపు నిలబడండి, వేరేది చూస్తా."

"ఏమి, దానికేమొచ్చింది?"

"మనిషుండాదంటారక్కా... కనపడదు."

"కనపడకుంటే మంచిదే గదప్పా, కుర్చీ అడగదు" అన్నాడు నాగేంద్ర.

ప్రసన్న నవ్వలేదు. "రానీ. ఈ పొద్దు నాకు ఎవురితోనన్నా కొట్లాడాలని ఉండాది. దెయ్యమైనా సరే" అని పోయి కూర్చుంది.

ఇర్ఫాన్ కొవ్వొత్తి వెలిగించాడు. ఆరింది. మళ్ళీ వెలిగించాడు. ఆరింది. మూడోసారికి ఆగకుండా వెళ్ళిపోయాడు.

నాగేంద్ర ఏల్ ఒక గుక్క తాగి మొహం ముడుచుకున్నాడు. "ఏందప్పా ఇది, వేపాకు కషాయం మాదిరి. దొరలు దీన్ని దుడ్లిచ్చి తాగుతారా?"

"సైడర్ చూడు, తీపి" అన్నాడు ఆరోన్. ప్రసన్న పై విరిచి చూసింది. "ఇది బేకరీలో మటన్ పఫ్పే గదా" అంది ఇర్ఫాన్‌తో.

"అదేనక్కా. రవ్వంత పెద్దది."

అప్పుడు... సైడర్ గ్లాసు కదిలింది.

ముగ్గురూ చూశారు. ఎవరూ తాకలేదు. వేలెడు జరిగింది... ఆగింది... మళ్ళీ జరిగింది. నాగేంద్ర నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది.

అంతలో కరెంటు పోయింది.

కటిక చీకటి. ఏసీ హోరు నిలిచిపోయింది. ఆ నిశ్శబ్దంలో, రాయి మీద గ్లాసు జరిగే చప్పుడొకటే — సర్...మని.

ప్రసన్న కోపంగా ఒక చేత్తో గ్లాసు పట్టేసింది. బల్లను కదలనీయకుండా రెండో చేయి కిందికి పోనిచ్చి గట్టిగా పట్టుకుంది.

చేయి అక్కడే ఆగిపోయింది.

వేళ్ళ కింద ఏదో ఉబ్బెత్తుగా... నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. ఎడమ కొస విరిగి ఉంది. వేళ్ళు దిగాయి. గుంటలు... వంపులు... ఆ వంపులు ఆమె వేలికి తెలుసు. ఏడాదికొకసారి మట్టి తీసిన వంపులు. వాటి కింద నున్నగా, ఖాళీగా... జానెడు.

"ప్రసన్నా?" ఆరోన్ గుసగుసగా అడిగాడు. "ఏందట్లుండావు?"

చీకట్లో ఆమె గొంతు హాలంతా వినిపించింది, మెల్లగా, తేటగా.

"మా అమ్మ ఈడుండాది."

ఎక్కడో చెంచా పడింది. ఒకరు దండకం అందుకున్నారు. ఒకరు తలుపు కోసం తడుముకుంటూ ఇంకొకరి మీద పడ్డారు. జనరేటర్ మొదలై దీపాలు వచ్చేసరికి సగంమంది నిలబడి ఉన్నారు. ప్రసన్న మాత్రం కూర్చునే ఉంది, చేయి బల్ల కిందనే.

వివేక్ పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, ప్లీజ్... అందరూ భయపడతాండారు."

"భయపడనీ. బల్ల తిప్పు."

"ఎందుకు మేడమ్?"

"తిప్పమంటాండా."

ఆరోన్, ఇర్ఫాన్ చెరొక పక్క పట్టి రాయిని ఎత్తి తిరగేశారు. సిలువ కనపడింది. కింద మేరీ పేరు, గుంటల్లో కిందటి పండగ నల్లరంగు ఇంకా పోలేదు. దేవపాలు పేరుకని వదిలిన జాగాలో... తినడానికి వచ్చినవాళ్ళెవరో నమిలి అంటించిన చూయింగ్ గమ్.

ప్రసన్న దాన్ని గోటితో గీకసాగింది. చాలాసేపు గీకింది.

"పాత ఇండ్ల రాళ్ళని చెప్పి అమ్మినారు మేడమ్. నాకు తెలీదు..."

"తెలీదా? బోసిగా ఉండే వైపు పైకి పెట్టుకుని, పేరుండే వైపు కిందికి తిప్పినావు. తిప్పినోళ్ళకు కండ్లు లేవా?"

వివేక్ తల వంచుకున్నాడు. "పాత రాళ్ళే గదా అని..."

ఆమె గోరు ఆగింది. తలెత్తి చూసింది. అంతే. అతను రెండడుగులు వెనక్కి పోయాడు.

"దీన్ని కారులో పెట్టించు. రాయి కదిలేదాకా నేను కదలను. ఈ రాత్రికే మా నాయన చేతికి తగలాల."

గ్లాసు ఎందుకు జరిగేదో మీకు అర్థమయ్యే ఉంటుంది. సిలువ ఉబ్బెత్తు కదా, రాయి కాళ్ళ మీద సమంగా కూర్చోలేదు, వాలుగా ఉండేది. కొవ్వొత్తులను ఆర్పింది నెత్తి మీది ఏసీ గాలి. దీనికి భయపడాల్సిన పని లేదు.

కానీ ఒకటి చెప్పాలి. జనరేటర్‌తో ఏసీ మళ్ళీ మొదలైంది, హోరుమని. ప్రసన్న సంచిలోంచి ఆ పొద్దటి కొవ్వొత్తి తీసి, ఆ గాలి కిందనే, తల్లి పేరు పక్కన వెలిగించింది.

ఆరలేదు. అల్లాడనైనా లేదు.

హాలులో ఎవరూ తినడం లేదు. పొయ్యికి ఎదురుగా ఉన్న ఒక పెద్దాయన తన ప్లేటు పక్కకు జరిపి, మెల్లగా చేయి బల్ల కిందికి పోనిచ్చాడు. ఆయనను చూసి పక్క బల్ల ఆమె. ఆమెను చూసి ఇంకొకరు. చప్పుడు లేదు... చేతులు మాత్రం ఒక్కొక్కటే బల్లల కింది చీకట్లోకి దిగుతున్నాయి.

కిటికీ దగ్గరి బల్ల నుంచి ఎవరిదో గొంతు వణికింది.

"అన్నా... ఈడ గూడా ఎవురో ఉండారు."